వెనుక కబ్జాల తలుపులు: పాత కారుకు తగిలించవచ్చునా?

ఈ ప్రత్యేక సంచికకు పాత మోటారు వాహనాల గురించి ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, అంశం కోసం వెతుక్కోవలసిన పని నాకు కలుగలేదు. మన సభ్యులలో ఒకరి యింట ఈ మధ్య ఒక వాదం నడుస్తున్నది. వారి తండ్రిగారు కొన్న ఫియట్ 1100 డిలైట్ కారు చాలా ఏళ్ళుగా షెడ్డులోనే ఉన్నది. దానిని బాగు చేయించి రోడ్డు మీదికి తేవాలని మనుమడి సంకల్పం. సంకల్పం మెచ్చుకోదగినదే. కాని పనిలో పనిగా ముందు తలుపుల కబ్జాలు వెనక్కి మార్పించి, తలుపు ముందు వైపు నుండి తెరుచుకునేట్లు చేయిస్తానంటున్నాడు. "పాత కార్లన్నీ అలాగే ఉండేవి గదా తాతయ్యా" అని అతని మాట. బాడీ షాపులో ముప్ఫై ఏళ్ళకు పైగా పని చేసిన వాడిని గనుక తగవు నా దగ్గరకు వచ్చింది.

ముందుగా విషయం తేటపరుస్తాను. నేటి కార్లలో ముందు తలుపుకు కబ్జా ఇంజను వైపు ఉంటుంది, గొళ్ళెం వెనుక వైపు ఉంటుంది. దీనికి తారుమారుగా, కబ్జా వెనుక, గొళ్ళెం ముందు ఉన్న తలుపును గురించే ఈ చర్చ. అమెరికాలో దీనికి సూసైడ్ డోర్ అని, అనగా ఆత్మహత్య తలుపు అని పేరు పడింది. ఆ పేరు ఊరికే రాలేదు.

మనుమడు అన్నట్లు పాత కార్లన్నీ అలా ఉండేవి కావు. కొన్ని ఉండేవి. 1932 నాటి ఫోర్డు కార్లనే చూడండి. అదే కంపెనీ, అదే సంవత్సరం. మూడు కిటికీల కూపేకు కబ్జాలు వెనుక, అయిదు కిటికీల కూపేకు ముందు. ఆ రోజులలో బాడీ అంటే కర్ర చట్రం మీద రేకు తొడుగు. అద్దం పక్కన ఉండే ముందు స్తంభం సన్నగా, వాలుగా ఉంటుంది. నడిమి స్తంభం నిటారుగా, దిట్టంగా ఉంటుంది. బరువైన తలుపును దేనికి వ్రేలాడదీస్తాడు వడ్రంగి? గట్టి గుంజకే గదా. దీనికి తోడు గుర్రపు బగ్గీల నాటి అలవాటు ఒకటి. ఎక్కేవారికి, దిగేవారికి కాళ్ళ ముందు అడ్డు లేకుండా, పావుకోడు మీద అడుగు పెట్టి లేచి నిలబడేందుకు వీలుండేది. నిండు దుస్తులు ధరించే స్త్రీలకు ఇది సుఖం. 1934లో వచ్చిన ఫ్రెంచి కారు సిట్రోయెన్ ట్రాక్షన్ అవాన్‌కు కూడా ముందు తలుపులు ఈ రీతివే.

చిక్కంతా పరుగులో ఉన్నది. మామూలు తలుపు సరిగా పడకపోయినా, బండి సాగుతుంటే ఎదురుగాలి దానిని మూసే వైపుకే నెడుతుంది. వెనుక కబ్జా తలుపుకు గొళ్ళెం జారితే గాలి సందులో దూరి, గాలివానలో గొడుగు తిరగబడినట్లు తలుపును ఒక్కసారిగా వెనక్కి విసురుతుంది. పట్టుకోబోయిన వారు దానితోపాటు బయటికి పోతారు. అప్పట్లో సీటు బెల్టులు లేవు. నేడు మనమెరిగిన మూడు కొసల బెల్టును వోల్వో కంపెనీ వారు తమ కార్లకు బిగించడం మొదలుపెట్టినది 1959లో. గొళ్ళేలు కూడా యింటి తలుపు గడియ వంటివే. గతుకులలో కర్ర చట్రం మెలి తిరిగితే అవే ఊడి వచ్చేవి. ఇంకొక ప్రమాదం ఆగి ఉన్నప్పుడు. దిగుతున్న మనిషి ఒక కాలు రోడ్డు మీద పెట్టి ఉండగా వెనుక నుండి వచ్చే బండి తలుపుకు తగిలిందనుకోండి. మామూలు తలుపు ముందుకు విరుచుకుపోతుంది. ఈ తలుపు మూసుకుపోతుంది, మనిషి నడుమ నలుగుతాడు.

అందుచేత కంపెనీలు ఒక్కొక్కటే దీనిని మానుకున్నాయి. ఫియట్ వారు 1955లో తెచ్చిన 600కు, 1957లో తెచ్చిన చిన్న 500కు వెనుక కబ్జాలు పెట్టి, 1964, 1965 సంవత్సరాలలో ముందుకు మార్చారు. సిట్రోయెన్ 2సివి కూడా 1964 చివరికి మారింది. మానని వారూ ఉన్నారు. 1961లో లింకన్ కాంటినెంటల్ వెనుక సీటు తలుపులకు వెనుక కబ్జాలు పెట్టారు. 1963లో డల్లాస్‌లో కెనెడీ గారు కూర్చున్న కారు అదే జాతిది. అయితే తలుపు సరిగా పడకపోతే డ్రైవరు ఎదుట దీపం వెలిగే ఏర్పాటు దానికి చేశారు. 2003లో వచ్చిన రోల్స్ రాయిస్ ఫాంటమ్ వెనుక తలుపులు కూడా ఇటువంటివే. లోపల మీట నొక్కితే అవే మూసుకుంటాయి. వ్యాపారులు వీటిని కోచ్ డోర్లు అంటారు. ఆత్మహత్య తలుపు అంటే ఎవరు కొంటారు!

ఇక మన దేశపు సంగతి. 1953లో ఇటలీలో వెలువడిన ఫియట్ 1100ను ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు బొంబాయి కుర్లాలో తయారు చేయసాగారు. ముందు భాగం మూతిలా ఉండడం వలన దానికి డుక్కర్ ఫియట్ అని పేరు వచ్చింది. డుక్కర్ అంటే మరాఠీలో పంది. ఆ తొలి కార్ల ముందు తలుపులకు కబ్జాలు వెనుకనే. ముందు తలుపు, వెనుక తలుపు రెండూ నడిమి స్తంభానికే వ్రేలాడేవి. 1962లో ఇటలీలో వచ్చిన 1100డి నాటికి అది మారిపోయింది. ఆ 1100డినే మన దేశంలో 1964 నుండి డిలైట్ అన్నారు. తరువాత అదే ప్రెసిడెంట్, ఆపైన పద్మిని అయింది. బొంబాయి టాక్సీగా 2023 అక్టోబరు దాకా తిరిగి సెలవు తీసుకున్నది అదే. అనగా మన మనుమడు వెనక్కి తిప్పదలచిన తలుపును కంపెనీవారే ఆలోచించి ముందుకు తిప్పారు. అతను చేయబోయేది పాతదానిని నిలబెట్టడం కాదు, ఆ కారుకు ఎన్నడూ లేని పాతదనాన్ని అతికించడం.

అమెరికాలో సరదాకు పాత కార్లను మార్చుకునేవారు ఈ పని చేస్తుంటారు. చేయరానిదేమీ కాదు, కాని రెండు బోల్టులు విప్పి అటు బిగించే వ్యవహారం కాదని మాత్రం గట్టిగా చెప్పగలను. డిలైట్‌కు వేరే ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. ముందు తలుపు బరువు మోసేందుకు నడిమి స్తంభాన్ని కోసి, లోపల ఉక్కు పలక పెట్టి వెల్డింగ్ చేయాలి. పై కబ్జా, క్రింది కబ్జా ఒకే గీతలో లేకపోతే తలుపు బిగుసుకుంటుంది, లేదా క్రుంగుతుంది. ముందు స్తంభంలో గొళ్ళేనికి చోటు చేయాలి. పాత గొళ్ళెం పనికిరాదు; రెండు దవడలతో కడ్డీని కరిచి పట్టే రకం కావాలి. బండి కదులుతుండగా లోపలి పిడి పని చేయకుండా అడ్డుకునే మీట కావాలి. టింకరింగ్ షెడ్డులో మేస్త్రీ "అయిపోతుంది సార్" అంటాడు. అవుతుంది కూడా. వర్షాకాలం రెండు గడిచాక చూడాలి.

అంతటితో అయిపోలేదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. మరీ ముఖ్యమైనది 2021 నాటి వింటేజి వాహనాల నిబంధన. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని పెద్ద మార్పు జరుగని వాహనానికే ఆ హోదా. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు. డిలైట్ కారు వయస్సు రీత్యా అర్హమైనదే. స్తంభం కోసిన రోజున ఆ అర్హత పోతుంది. మళ్ళీ అతికించినా అతుకు కనిపిస్తుంది. ప్రమాదమేదైనా జరిగితే ఇన్సూరెన్సు వారు మొదట చూసేది కూడా దానినే.

కనుక మా మిత్రుని మనుమడికి నేను వద్దనే చెప్పాను. ఆ ముచ్చట తీరాలంటే డుక్కర్ ఫియట్ ఒకటి వెతికి కొనుక్కోమన్నాను. కొద్దిగా మొగం ముడుచుకున్నాడు గాని, ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

అటువంటి తొలి కారు నిజంగానే యింట ఉన్న సభ్యులెవరైనా ఉంటే, భయపడి దాని కబ్జాలు ముందుకు మార్పించవద్దు. అదీ కోతే. గొళ్ళెం నాలుక, అది పడే గాడి అరిగినవేమో చూపించండి. కబ్జా పిన్నులకు నూనె వేయించండి. తలుపు పూర్తిగా పడిందా లేదా అని చేతితో నెట్టి చూసిన తరువాతనే బండి కదపండి. సీటు బెల్టులు బిగించేటప్పుడు వట్టి రేకుకు బోల్టు వేయనివ్వక, అడుగున ఉక్కు బిళ్ళ పెట్టించండి. మనుమలను, మనుమరాండ్రను వెనుక సీటులోనే కూర్చోబెట్టండి. ఆ కారులో వెనుక తలుపులకు కబ్జాలు ముందు వైపునే ఉన్నవి.