బస్సు డ్రైవర్ల ప్యాంట్లు చెప్పిన సంగతి: పొట్టకూ గుండెకూ ఉన్న లంకె

గుండెపోటు మీద చేసిన ఎపిసోడ్ విన్నాక చాలామంది ఒకటే అడిగారు: "సన్నగా ఉన్నోళ్లకు కూడా ఎట్లా వస్తది?" నేను డాక్టర్ని కాదు. ఐటీఐ చదివి సైట్ల మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్నోణ్ణి. కానీ ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి యాభై ఏళ్లకు పైనే పట్టింది. ఆ కథ మనలాంటి పనోళ్లు తెలుసుకోవాల్సిందే.

1947లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో జాఁ వాగ్ అనే డాక్టర్ ఒక మాట అన్నాడు. మనిషి ఎంత లావున్నాడని కాదు, కొవ్వు ఎక్కడుందో చూడాలని. తొడల్లో, పిరుదుల్లో ఉన్న కొవ్వు కంటే పొట్ట, పైభాగంలో చేరిన కొవ్వుతోనే షుగరు, రక్తనాళాల జబ్బులు ఎక్కువని ఆయన గమనించాడు. అప్పట్లో ఆ మాట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాతి కథ లండన్‌ది. జెర్రీ మోరిస్ అనే డాక్టర్, ఆయన తోటివాళ్లు డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించారు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో రాశారు. అంతటితో ఆగలేదు. కంపెనీ కుట్టించి ఇచ్చే యూనిఫాం కొలతల రికార్డులు తీశారు. డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత కండక్టర్ల కంటే ఎక్కువగా ఉంది. 1956లో అది కూడా అచ్చయింది. అంటే తేడా పనిలోనే కాదు, మనిషి ఒంట్లో కూడా ఉందన్నమాట. చూడండి, దర్జీ రాసుకున్న లెక్క డాక్టర్లకు పనికొచ్చింది!

సరే, పొట్టలో కొవ్వుంటే గుండెకేం? చాలాకాలం కొవ్వు అంటే గోడౌన్ అనుకున్నారు. మిగిలిన తిండిని దాచిపెట్టే చోటు, అంతే. 1993లో అమెరికాలో హోటమిస్లిగిల్, స్పీగల్మన్ బృందం లావెక్కిన ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే రసాయనం తయారవుతోందని చూపించింది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి మంట, వాపు రేపే రసాయనం అది. మరుసటేడు న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ని కనిపెట్టింది. కొవ్వు నుంచే మెదడుకు వెళ్లే హార్మోన్ అది. గోడౌన్ అనుకున్నది ఫ్యాక్టరీ అని తేలిపోయింది.

ఆ ఫ్యాక్టరీ నుంచి ఇంటర్‌ల్యూకిన్-6 అనే ఇంకో సరుకు కూడా బయటికొస్తుంది. అది కాలేయానికి చేరితే సీఆర్‌పీ అనే ప్రొటీన్ తయారవుతుంది. సీఆర్‌పీ కొత్తదేం కాదు, 1930లోనే న్యుమోనియా రోగుల రక్తంలో దొరికింది. 1997లో బోస్టన్‌కి చెందిన పాల్ రిడ్కర్ బృందం తేల్చిందేంటంటే, పైకి ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లలో కూడా సీఆర్‌పీ ఎక్కువ ఉన్నోళ్లకు తర్వాత గుండెపోటు ఎక్కువగా వచ్చింది. 1999లో ఇంకో అధ్యయనం, బరువు ఎక్కువున్నోళ్ల రక్తంలో సీఆర్‌పీ ఎక్కువని చెప్పింది. 2003లో బైపాస్ ఆపరేషన్ చేయించుకుంటున్నోళ్ల గుండె మీది కొవ్వును, కాలి చర్మం కింది కొవ్వుతో పోల్చి చూశారు. మంట రేపే రసాయనాలు గుండె మీది కొవ్వులోనే ఎక్కువ.

మనం గుండెపోటంటే పైపులో చెత్త నిండి మూసుకుపోవడం అనుకుంటాం. అసలు సంగతి వేరు. రక్తనాళం గోడలో పేరుకున్న కొవ్వు ఈ మంటకు బలహీనపడి పగులుతుంది. పగిలిన చోట రక్తం గడ్డకడుతుంది. అందుకే నిన్నటిదాకా డ్యూటీ చేసినోడు కూడా ఉన్నట్టుండి కూలిపోవచ్చు.

ఇక సన్నగా ఉన్నోళ్ల సంగతి. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది. ఒకరు పుణెకి చెందిన యాజ్నిక్, ఇంకొకరు లండన్‌కి చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్నిక్‌కి 21.2 శాతం! మన భారతీయుల ఒంటి తీరు అది. చేతులు కాళ్లు సన్నగా, కొవ్వంతా నడుము దగ్గర. అందుకే అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ 2005లో నడుము హద్దు యూరప్ మగవాళ్లకు 94 సెంటీమీటర్లు పెడితే, దక్షిణాసియా మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 పెట్టింది.

సీఆర్‌పీ పరీక్ష ఒక్కటే చూసి భయపడొద్దు. జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా అది పెరుగుతుంది, డాక్టరే చూసి చెప్పాలి. కానీ టేపు మన రూముల్లో ఎప్పుడూ ఉంటుంది కదా. మెత్తటి టేపు లేకపోతే దారంతో కొలిచి, ఆ దారాన్ని సైటు టేపు మీద పెట్టండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా కొలవండి. 90 దాటితే బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకోండి. ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చేయి లాగడం ఉంటే గ్యాస్ అనుకుని పడుకోవద్దు, వెంటనే అంబులెన్స్ పిలవండి. క్రేన్ ఎత్తే బరువుకి హద్దు చూసుకోకుండా మనం పని మొదలుపెట్టం. ఒంటికి కూడా ఆ లెక్క ఉండాలి.