పాత తుపాకి గొట్టం చెప్పే చరిత్ర

గోవాడ చెరకు తోటలు దాటి కొండలెక్కితే మన్యం. అక్కడి చింతపల్లి పోలీస్ స్టేషన్‌పై 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. 11 తుపాకులు, 1390 తూటాలు పట్టుకెళ్లింది. తీసుకున్నవన్నీ స్టేషన్ రికార్డులో రాసి మరీ వెళ్లాడు రాజు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. 1878 ఆయుధాల చట్టం సామాన్యుడికి లైసెన్సు లేని తుపాకిని నిషేధించిన కాలమది. ఒక్కో తుపాకి విలువ ప్రాణంతో సమానం.

లైసెన్సు దొరికిన సంపన్నుల ఇళ్లకు మాత్రం ఇంగ్లండు జంట గొట్టాల తుపాకులు దర్జాగా వచ్చాయి.

అలాంటి పాత తుపాకికి ధర కట్టేటప్పుడు నగిషీ చూసి మురిసిపోకూడదు. ముందు అది ఖాళీగా ఉందో లేదో చూడాలి. తర్వాత గొట్టం విడదీసి అడుగున ముద్రలు వెతకాలి. తుపాకి గొట్టాలను పరీక్షించి ఆ ముద్రలు వేసే బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813 చట్టంతో ఏర్పడింది. గొట్టాన్ని ఏ తుపాకిమందుకు పరీక్షించారో ఆ ముద్రలే చెబుతాయి. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన గొట్టంపై నీటి అలల్లాంటి చారలుంటాయి. చూడముచ్చటే, కానీ అది నల్ల తుపాకిమందు కాలపు పనితనం. అతుకుల్లో తుప్పు కంటికి కనిపించకుండా దాగుతుంది.

గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే లోపల గుండ్రటి వలయాలు వరసగా మెరవాలి. ఎక్కడైనా వలయం వంకరపోతే అక్కడ సొట్ట ఉన్నట్టే. తూటా గది కొలత మరీ ముఖ్యం: 2½ అంగుళాల గదిలో 2¾ అంగుళాల తూటా సులువుగానే దూరుతుంది. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.