జన్యు సమాచారానికి తాళం ఎవరు వేయాలి?

మన సర్వీసు రిజిస్టరు ఆఫీసు బీరువాలో ఉండేది. దాని తాళం ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలుసు. మన రక్తపు చుక్కలో ఉన్న జన్యు సమాచారానికి కూడా అటువంటి తాళం ఉండాలన్న ఆలోచన చట్టంగా మారిన చరిత్ర పెన్షనర్లకు ఆసక్తికరమైనది. అందులో గుమాస్తాలూ ఉన్నారు, ఒక పెన్షనరూ ఉన్నారు.

అమెరికాలో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల ఉద్యోగులకు వైద్యపరీక్షల పేరుతో రక్తం, మూత్రం తీసుకునేది. వాటిలో సుఖవ్యాధి, గర్భం, నల్లజాతి వారికైతే సికిల్ సెల్ లక్షణం కూడా తమకు చెప్పకుండా పరీక్షించారని గుమాస్తాలు, కార్యాలయ సిబ్బంది కోర్టుకెక్కారు. కింది కోర్టు కొట్టివేసినా, 1998లో అప్పీలు కోర్టు వారి పక్షాన నిలిచింది. వైద్యపరీక్షకు ఒప్పుకున్నంత మాత్రాన అన్ని పరీక్షలకూ ఒప్పుకున్నట్లు కాదని దాని తీర్పు సారాంశం.

తరువాత బర్లింగ్‌టన్ నార్తర్న్ శాంటా ఫే రైల్వే వంతు వచ్చింది. మణికట్టు జబ్బుకు పరిహారం కోరిన కార్మికుల రక్తాన్ని వారికి తెలియకుండా జన్యుపరీక్షకు పంపిందని 2001లో కేసు దాఖలైంది. 2002లో 22 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

1995లో అమెరికా కాంగ్రెస్‌లో మొదలైన ప్రయత్నం 2008 మే 21న చట్టమయింది. జన్యు సమాచారం చూసి ఉద్యోగం, ఆరోగ్య బీమా నిరాకరించరాదన్నది దాని సారం. జీవిత బీమాకు మాత్రం ఆ రక్షణ లేదు.

మన దేశంలో ఆధార్‌పై 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లినవారు రిటైర్డ్ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. అప్పటికి ఆయన వయస్సు ఎనభై దాటింది. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించారు. 2019 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు జన్యు సమాచారాన్ని సున్నితమైనదిగా వేరుచేసి చూపింది. 2022లో ఆ బిల్లును ఉపసంహరించారు. దాని స్థానంలో వచ్చిన 2023 చట్టంలో ఆ ప్రత్యేక తరగతి లేదు. ఈ లోటు పూడ్చవలసి ఉంది.

ఎందుకంటే, పెన్షను సాధారణంగా మనతోనో, మన భాగస్వామితోనో ఆగుతుంది. జన్యువులు అలా కాదు. మన రక్తం చెప్పే సంగతి మన పిల్లలకు, మనవలకు కూడా వర్తిస్తుంది. కనుక ల్యాబులో అంగీకార పత్రంపై సంతకం చేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఏ పరీక్ష చేస్తారు? ఫలితం ఎక్కడ ఉంచుతారు? ఎవరికి ఇస్తారు? చదవకుండా ఏ కాగితం మీదా సంతకం చేయరాదన్న ఆఫీసు నియమం రిటైరయ్యాక కూడా వర్తిస్తుంది.