విజయనగరపు కోటయు బజారును

మధ్యధరాసముద్రమునందలి రోడ్సు ద్వీపమునకు బోవు యాత్రికులు కోటగోడ దాటి లోనికేగి, ఇఱుకు వీథులలో దిరిగి, అంగళ్లలో వలసినవి కొని మరలుదురు. ఆ గోడ పాతపట్టణమునంతయు జుట్టుకొని యున్నది. లోపల నేటికిని జనులు కాపురముందురు. మన విజయనగరమున నట్లు కాదు. ఇక్కడ గోడ రాజునకు, బజారు ప్రజకు. ఊరు కోటద్వారమునకు వెలుపల పెరిగినది. ఈ భేదమును మనస్సున నుంచుకొని చూచినవారికి దీని చరిత్ర తేటపడును.

పూసపాటివారి యీ కోటకు 1713వ సంవత్సరమున శంకుస్థాపన జరిగెను. విజయనామసంవత్సరము, విజయదశమి, జయవారము, విజయరామరాజు, విజయనగరము అని యైదు విజయములు గూడెనని పెద్దలందురు. ఱాతితో గట్టిన చతురస్రపు కోట. నాలుగు మూలల బురుజులు. తూర్పున నగారాఖానాతో గూడిన పెద్దద్వారము, పడమట చిన్నది. లోపల 1869లో గట్టిన మోతీమహలును, ఎనిమిది పలకల ఔద్‌ఖానాయు జూడదగినవి.

అయినను గోడ దళసరియైనంతన విజయము నిలుచునా? 1757 జనవరి 24వ తేదీని పెదవిజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీతో గూడి బొబ్బిలికోటను ముట్టడించెను. ఓటమి నిశ్చయమైనంతనే లోపలివారు తమ స్త్రీలను, బిడ్డలను శత్రువుల పాలు గానీయక తామే సంహరించిరి. వారిని వారి గోడ కాపాడలేదు. గెలిచిన రాజును గూడ గోడ కాపాడలేదు. కొలది దినములలోనే యాయన తన గుడారమున తాండ్ర పాపారాయని చేత హతుడయ్యెను. 1794లో పద్మనాభమువద్ద చినవిజయరామరాజు కుంఫిణీసేనతో బోరి మడిసెను.

ప్రజ మాత్ర మెవరిని బూజించినది? గెలిచినవానిని గాదు. యుద్ధము వలదని యన్నను వారించినదని చెప్పుకొను చెల్లెలిని, పైడితల్లిని. దసరా వెళ్లిన మంగళవారమున నామె సిరిమాను మూడు లాంతర్లకడనున్న గుడికిని కోటకును నడుమ మూడుమాఱులు తిరుగును. కత్తి దూసిన యన్నకంటె కత్తి వలదన్న చెల్లెలే జనుల యెదలో నిలిచినది.

ఇక బజారు. 1885లో గట్టిన యెనిమిది పలకల గంటస్తంభము చుట్టును దుకాణములున్నవి. ఈ సీమకు వచ్చినవారు యంత్రములు చేసిన తళుకు వస్తువులను మూటగట్టుకొని పోవుట యుచితము గాదు. పొందూరు సన్నఖద్దరును జూడుడు. అచ్చటి స్త్రీలు వాలుగచేప దవుడయెముకతో పత్తిని శుభ్రపఱచి, ఏకి, రాట్నమున దారము దీయుదురు. బొబ్బిలి చేరువ గొల్లపల్లిలో పనసమ్రానును దొలిచి వీణెలు చేయుదురు. బుడితిలో నిత్తడిపాత్రలు పోయుదురు. ఇట్టివాని వెలలో చేతిపని యున్నది. దానిని బేరమాడి తగ్గించుట పేదవాని యన్నమును దగ్గించుటయే.

అమ్మరాని దానిని గూడ నీ సీమ యొకప్పు డమ్మినది. ఆనందగజపతిరాజు విశాఖపట్టణమండలమున మూడేండ్లలో బ్రాహ్మణులు శుల్కము గొని చేసిన వివాహముల పట్టిక వ్రాయించెను. అది 1034 వివాహములకు దేలెను. అందు అయిదేండ్ల పెండ్లికూతుండ్రు 99, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పసికందులు 3! గురజాడ అప్పారావుగారు 1897లో కన్యాశుల్కమును అచ్చువేయించినపుడు పీఠికలో నీ యంకెలను జేర్చిరి. ఆ నాటక మంతకుముందే, 1892లో, ఈయూరనే ప్రదర్శింపబడెను. రాజు లెక్క దీయించెను, కవి నవ్వించి సిగ్గుపఱచెను. ఫిరంగికి లొంగని దురాచారము నవ్వునకు జంకినది.

1857లో నిక్కడ వెలసిన పాఠశాల 1879లో కళాశాలయయ్యెను. 1919లో సంగీతకళాశాల నెలకొని, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి యధ్యక్షులైరి. 1958లో పూసపాటి విజయరామగజపతిరాజుగారు మాన్సాస్ అను ధర్మసంస్థను స్థాపించి విద్యాలయములను దాని కప్పగించిరి. కోటలోపలనే తరగతులు నడచినవి. ఏ యాడుపిల్లలకు పూర్వమీ సీమలో వెల గట్టిరో, వారి మనుమరాండ్రు పుస్తకములు చేతబట్టి యా ద్వారమున నడచిరి.

కావున కోట జూడవచ్చువారు గోడ యెంత యెత్తని మాత్రమే యడుగరాదు. అది యెవరికొఱకు మూసియుండెను, ఎవరికొఱకు తెఱచుకొనెను అని యడుగవలెను. బజారునకు బోయినను అంతే. ఇది యెవరి చేతిపని యని యడిగి, దాని ధర నిచ్చి కొనవలెను.