అతిథి యంత్రమునకు చెప్పవలసినది

ఒకే కంప్యూటరును పలువురు ఎవరికి వారు తమదేయని తలచి వాడుకొనుట కొత్త విషయము కాదు. 1967లోనే ఐ.బి.యం. సంస్థవారి సి.పి.-67 అను ప్రోగ్రాము ఒక్కొక్కరికి ఒక్కొక్క కల్పితయంత్రమును సమకూర్చినది. ఇట్టి ఏర్పాటును నడుపు ప్రోగ్రామును నేడు మనము హైపర్‌వైజరు అనుచున్నాము. కల్పితయంత్రమును అతిథి యనుచున్నాము.

తన ప్రాసెసరుకు ఏ సామర్థ్యములు కలవో అతిథి ఎట్లు తెలిసికొనును? 1993లో పెంటియముతో వాడుకకు వచ్చిన సి.పి.యు.ఐ.డి. అను ఆదేశముతో ప్రాసెసరునే అడుగును. 2005లో ఇంటెల్ వారు కల్పితయంత్రములకు అనువైన ఏర్పాటును ప్రాసెసరులోనే చేర్చిరి. అట్టి ప్రాసెసరుపై అతిథి ఈ ప్రశ్న వేయగానే అధికారము హైపర్‌వైజరు చేతికి వచ్చును. ప్రత్యుత్తర మిచ్చునది అదియే.

ఉన్నదంతయు చెప్పరాదా? పనిచేయుచున్న అతిథిని ఆపకయే వేరొక యంత్రమునకు తరలించు విధానమును 2003లో వియంవేర్ వారు తెచ్చిరి. కొత్త ప్రాసెసరుపై అలవడిన ఆదేశమును పాతదానిపై ప్రయోగించినచో అతిథి కూలిపోవచ్చును. కావున రెండింటికిని ఉమ్మడియైన సామర్థ్యములనే చెప్పి, తక్కినవి మరుగుపరచుట ఆచారమైనది.

కాని ఒకరి రహస్యములు మరొకరికి పొక్కగల స్పెక్టర్ అను లోపము 2018 జనవరిలో వెల్లడియైనది. నివారణకై ప్రాసెసరులకు కొత్త రక్షణసాధనములు చేర్చబడినవి. అవి ఉన్నవని హైపర్‌వైజరు తెలుపనిచో అతిథి వానిని వాడుకొనదు. కవచము ఇంటనున్నను ఒంటికి రాదు. తరలింపునకు మేలుచేసిన దాపరికమే ఇచట కీడు చేయును. ఏమి దాచితిమో మరల మరల సరిచూచుకొనుట అవసరమని మేము తలచుచున్నాము.