హిప్-హాప్‌లో తాత్విక, మత విచారణ

దేవుడు, పాపం, మరణం, న్యాయం వంటి మూల ప్రశ్నలను తాళానికి ఒదిగిన మాటలతో చర్చించే ర్యాప్ ధోరణి ఇది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ సంగీతం నడిపిన పార్టీని హిప్-హాప్ పుట్టుకగా లెక్కిస్తారు.

ఈ విచారణకు పునాది అంతకన్నా పాతది. నల్లజాతి ముస్లిం సంస్థ నేషన్ ఆఫ్ ఇస్లాం నుంచి విడివడిన క్లారెన్స్ 13ఎక్స్ 1964లో హార్లెమ్‌లో ఫైవ్ పర్సెంట్ నేషన్‌ను స్థాపించాడు. పైలోకంలో వేరే దేవుడు లేడని, నల్లజాతి పురుషుడే దైవమని ఆ సంఘం బోధించింది. రకీమ్, బ్రాండ్ నూబియన్, వూ-టాంగ్ క్లాన్ సభ్యుల పాటల్లోకి ఆ పరిభాష నేరుగా చేరింది.

క్రైస్తవ ధార కూడా బలమైనదే. కాన్యే వెస్ట్ 'జీసస్ వాక్స్' 2004లో వెలువడింది. కెండ్రిక్ లమార్ 2015 నాటి 'హౌ మచ్ ఎ డాలర్ కాస్ట్'లో చిల్లర అడిగిన బిచ్చగాడు చివరికి దేవుడని తేలుతుంది. దానం చేయని కథకుడి అహంకారమే అసలు విషయం. 2017 ఆల్బమ్ 'డ్యామ్'లో బైబిల్ ద్వితీయోపదేశకాండపు శాపాల భయం వినిపిస్తుంది. 2018లో దీనికి పులిట్జర్ సంగీత బహుమతి దక్కింది. శాస్త్రీయ, జాజ్ సంగీతాలకు వెలుపలి రచనకు ఆ గౌరవం అదే మొదటిసారి.

ఇలాంటి విచారణ తెలుగులోనూ ఉంది. విగ్రహారాధననూ కులాన్నీ నిలదీసిన వేమన పద్యాలను సి.పి.బ్రౌన్ 1829లో అచ్చువేయించాడు. రాగయుక్తంగా చదివే ఆ పద్యాలకు ర్యాప్‌తో వంశబంధం లేదు, గుణసామ్యమే ఉంది. కాలిఫోర్నియాలోని తెలుగు కుటుంబంలో పుట్టి, కూచిపూడి నేర్చిన ర్యాపర్ రాజకుమారి (శ్వేతా యల్లాప్రగడ రావు) 'కాశీ టు కైలాశ్'లో శివభక్తిని హిప్-హాప్‌తో కలిపింది. అందులో ప్రశ్న కన్నా స్తుతి పాలే ఎక్కువ.