కడప ప్రాంతీయ చరిత్ర రచన – జెండర్ దృక్పథం: గతం, భవిష్యత్తు

కడప జిల్లా చరిత్ర రచనకు ఆధారాల కొరత లేదు. కలమళ్ళ, ఎర్రగుడిపాడు శాసనాలు తెలుగు భాషాచరిత్రకే తొలి మెట్లు. 1800లో ఈ ప్రాంతం దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కంపెనీ వశమైన తరువాత కాలిన్ మెకంజీ సిబ్బంది గ్రామ కైఫీయతులను సేకరించారు. 1875లో గ్రిబుల్ రచించిన జిల్లా మాన్యువల్ వెలువడింది. కేతు విశ్వనాథరెడ్డి ఊరి పేర్ల పరిశోధన ప్రాంతీయ అధ్యయనానికి భాషాశాస్త్ర పునాదిని కల్పించింది. ఇంత సామగ్రిలో స్త్రీ స్థానమేమిటన్నది ఇక్కడి ప్రశ్న.

కైఫీయతులకు వివరాలు అందించినవారు ప్రధానంగా కరణాలు, గ్రామపెద్దలు. మాన్యాలు, మిరాసీలు, పొలిమేరలు వారికి ముఖ్యమైన విషయాలు. అందుచేత స్త్రీ రాణిగానో, దాతగానో, సహగమనం చేసి పూజలందుకున్న పేరంటాలుగానో మాత్రమే ఎక్కువగా నమోదయింది. మరణించి దేవత అయిన స్త్రీకి దక్కిన చోటు, బతికి శ్రమించిన స్త్రీకి దక్కలేదు.

స్త్రీ అధ్యయనాలు మరొక దారిలో ఎదిగాయి. 1983లో తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1985లో హైదరాబాదులో అన్వేషి ఏర్పడ్డాయి. 1986లో వెలువడిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలను చరిత్రకు ఆధారంగా నిలిపింది. రాయలసీమ చర్చ మాత్రం కరువు, నీటిపారుదల, ఫ్యాక్షన్‌ల చుట్టూ సాగింది. అందులో స్త్రీ తరచుగా పసుపు కుంకుమలు పోగొట్టుకున్న బాధితురాలే.

ఈ రెండు దారులూ కలవవలసిన చోట్లు జిల్లాలోనే ఉన్నాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చేనేత ఇళ్లలో మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. కండెలు చుట్టే స్త్రీ పని ‘ఇంటి సాయం’. పులివెందుల ప్రాంతంలో చెనిక్కాయలు ఒలిచి విత్తనం సిద్ధం చేసే చేతులు ఆమెవి. పట్టాదారు పేరు సాధారణంగా అతనిది. ఈ శ్రమను లెక్కించకుండా రాసిన ఆర్థిక చరిత్ర అసంపూర్ణం.

అయితే జెండర్ అంటే స్త్రీల జాబితాను చేర్చడం మాత్రమే కాదు. ఫ్యాక్షన్‌ను నడిపించిన ‘పౌరుషం’ అనే భావన ఎలా రూపొందిందో, దానికి ఏ కులాల పురుషులు, ఏ స్త్రీలు ఎంత మూల్యం చెల్లించారో పరిశీలించడం కూడా జెండర్ అధ్యయనమే. నేత స్త్రీ, దళిత కూలీ, ముస్లిం గృహిణి అనుభవాలను ఒకే మూసలో పోయరాదు.

2006లో ఏర్పడిన యోగివేమన విశ్వవిద్యాలయం, కడపలోని బ్రౌన్ గ్రంథాలయం ఈ పనికి సహజమైన కేంద్రాలు. కైఫీయతులను కొత్త ప్రశ్నలతో తిరిగి చదవాలి. వాటిలో లేని గొంతులను ఊరూరా నమోదు చేయాలి. తాళపత్రం, కాగితం మరికొంత కాలం నిలుస్తాయి. వృద్ధ స్త్రీల జ్ఞాపకాలకు అంత వ్యవధి లేదు.